ఆయన లేకుండా పెద్దపండగ చెయ్యాలా, మానెయ్యాలా?

ఉద్దానం కోడలు (డిసెంబరు 19)

అందరికీ నమస్కారం. ఇక్కడ ఆర్మీ, పోలీసు కుటుంబాల వాళ్ళు చాలామంది ఉన్నారని మా ఆడపడుచు చెప్తే చేరాను. రాయడం ఇదే మొదటిసారి. ఎక్కడైనా ఎక్కువ తక్కువ అయితే సర్దుకోండి.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కొబ్బరి తోటల మధ్య ఊరు. మా ఆయన ఆర్మీలో నాయక్ ర్యాంకు. ఇప్పుడు కశ్మీర్ వైపు ఉన్నారు, అంతకుమించి రాయను. మాకు పెళ్ళై ఐదేళ్ళు దాటింది. నాలుగేళ్ళ బాబు. నేను అత్తయ్య, మావయ్యల దగ్గరే ఉంటాను.

పెళ్ళయ్యాక ఐదు పెద్దపండగలు వెళ్ళాయి. ఆయన ఇంట్లో ఉన్నది ఒక్కదానికి. మొదటి సంక్రాంతికి కొత్త అల్లుడొస్తాడని మా నాన్న పలాస వెళ్ళి ప్యాంటు గుడ్డ, చొక్కా గుడ్డ తెచ్చారు. అమ్మ గారెలకి మినపప్పు నానబోసింది. భోగి ముందురోజు సాయంత్రం ఫోనొచ్చింది, సెలవు ఆగిపోయిందని. నానిన పప్పు పారెయ్యలేం కదా, గారెలు వండుకున్నాం. ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా తిన్నాం. ఆ గుడ్డలు ఇప్పటికీ కుట్టించలేదు, బీరువాలో ఉన్నాయి.

ఈసారి సెలవు ఖాయమన్నారు. మొన్న ఫోన్ చేసి, తన సెక్షన్‌లో ఒకతని అమ్మకి ఆపరేషన్ ఉంది, నా వంతు అతనికి ఇచ్చేశాను అన్నారు. మంచి పనే, కాదనను. కానీ తనే ఇచ్చేశాడన్న మాట నాకు చెప్పకపోయినా బాగుండేది. పైవాళ్ళు ఇవ్వలేదంటే వాళ్ళని తిట్టుకునేదాన్ని. ఇప్పుడు ఎవర్ని తిట్టాలి?

అసలు సమస్య అత్తయ్యతో. "వాడు లేని ఇంట్లో నేను మూకుడు పెట్టను" అంటారు. పోయిన రెండేళ్ళూ అంతే. అరిసెలు లేవు, చక్రాలు లేవు. ముగ్గు కూడా నేను వేస్తే వేసినట్టు. కోపం కాదు, ఆవిడ బాధ అది, నాకు తెలుసు. కానీ పోయిన ఏడాది భోగి ముందురోజు ఏం జరిగిందంటే, వీధంతా బెల్లం పాకం వాసన. మా గుంటడు పక్కింటి గేటు పట్టుకుని నిలబడ్డాడు. పక్కింటావిడ రెండు అరిసెలు పేపర్లో చుట్టి చేతిలో పెట్టింది. ఆవిడ మంచి మనసుతోనే ఇచ్చింది. నాకు మాత్రం తల తీసేసినట్టయింది.

ఇంకోటి. దీపావళికి వీడియో కాల్‌లో నేను ఏడ్చేశాను. ఆయన "సరే, ఉంటాను" అని పెట్టేశారు. రెండు రోజులు ఫోన్ లేదు. తర్వాత ఆయన స్నేహితుడి భార్య చెప్పింది, ఆ రాత్రి ఆయన భోజనానికి వెళ్ళలేదని. అప్పట్నుంచి పండగ రోజు ఫోన్ ఎత్తాలంటేనే టెన్షన్.

అడిగేది మూడు ముక్కలు. ఆయన లేనప్పుడు మీ ఇళ్ళలో పండగ చేస్తారా? ఆ రోజు ఫోన్‌లో ఏం మాట్లాడతారు? పిల్లలకి ఏం చెప్తారు?

---

క్వార్టర్ నంబర్ 14 (డిసెంబరు 19)

చెల్లీ, చోటు పేరు రాయకపోవడం మంచి పని. యూనిట్ పేరు, సెలవు తేదీలు కూడా ఇక్కడ ఎవరడిగినా చెప్పొద్దు.

నేను సికింద్రాబాద్‌లో ఉంటున్నాను. భర్తలు ఫీల్డ్‌లో ఉన్న కుటుంబాలకి ఇచ్చే క్వార్టర్లు ఉంటాయి కదా, అక్కడ. మా బ్లాక్‌లో అందరం ఒకే పడవ. అందుకని నాకు నీకున్నంత కష్టం లేదు, ఒప్పుకుంటాను. ఒడియా ఆవిడ ఒకరు, పంజాబీ ఆవిడ ఒకరు, మేం తెలుగువాళ్ళం ముగ్గురం. భోగికి అందరం ఒకటే మంట వేస్తాం. వాళ్ళ లోహ్‌డీ పండగ కూడా ఆ రోజుల్లోనే కాబట్టి ఆ పంజాబీ ఆవిడ మా మంటలోనే వేరుశెనగలు, పేలాలు వేసేస్తుంది.

ఫోన్ గురించి నాకు తెలిసింది చెప్తాను. పండగ రోజు మధ్యాహ్నం, చుట్టాలందరూ ఉన్నప్పుడు వీడియో కాల్ పెట్టకు. మామయ్య లాక్కుని, ఆడపడుచు లాక్కుని, పిల్లలు లాక్కుని, అందరూ "తిన్నావా, తిన్నావా" అని అడిగేసరికి ఆయనకి ఒక్కరితో కూడా మాట్లాడినట్టుండదు. ఇల్లు నిండుగా కనబడుతుంది, తను లేడని కనబడుతుంది. అటువైపు వెనకాల ఇంకో నలుగురు తమ ఫోన్ల కోసం సిగ్నల్ వెతుక్కుంటూ ఉంటారు. అక్కడ మగాడు కళ్ళు తుడుచుకోలేడు, ఫోన్ పెట్టేస్తాడు. మీ ఆయన చేసింది అదే. నీ మీద కోపంతో కాదు.

ముందురోజు రాత్రి నువ్వొక్కదానివే పావుగంట మాట్లాడు. పండగ ఊసెత్తకు. మోటారు కాలిపోయిందా, కొబ్బరికాయ రేటు ఎంతుంది, బాబు ఎవర్ని కొట్టాడు, ఇవి చెప్పు. మా ఆయన సియాచిన్‌లో ఉన్నప్పుడు వారానికోసారి శాటిలైట్ ఫోన్. దొరికిన నిమిషాల్లో ఆయన అడిగేది ఏంటో తెలుసా? "గేదె ఈనిందా?" మొదట్లో నాకు ఒళ్ళు మండేది, నన్ను కాక గేదెని అడుగుతాడేంటని. ఇంటి గొడవ వింటుంటే ఇంట్లో ఉన్నట్టుంటుందని తర్వాత ఆయనే చెప్పారు.

ఏడిస్తే ఏడువు. కాకపోతే ఏడ్చాక ఇంకో రెండు నిమిషాలు మాట్లాడి పెట్టు. ఏడుపు మీద కాల్ ఆగకూడదు.

---

చూసినోడు (డిసెంబరు 20)

ఎవరూ బలవంతంగా చేర్చలేదు కదండీ. ఇష్టపడే చేరారు, జీతం, క్యాంటీన్, పెన్షన్ అన్నీ ఉన్నాయి. గల్ఫ్‌లో మావాళ్ళు రెండేళ్ళకోసారి వస్తారు, వాళ్ళు ఇలా రాసుకుంటున్నారా?

---

పాయింట్ డ్యూటీ (డిసెంబరు 20)

పైన అన్నాయనకి: గల్ఫ్‌ల ఉన్నోళ్ళ ఇండ్లల్ల కూడా ఇదే బాధ, మా పెద్దన్న మస్కట్‌ల ఉన్నడు, నాకు తెలుసు. వాళ్ళూ రాసుకోవచ్చు. ఆవిడ జీతం గురించి అడగలేదు.

అక్కా, నేను హైదరాబాద్‌లో కానిస్టేబుల్‌ని. మిలటరీ వాళ్ళకి దూరం అన్న సాకన్నా ఉంది. మా ఇల్లు నా డ్యూటీ పాయింట్ నుంచి 9 కిలోమీటర్లు. బైక్ మీద పోతే అరగంట. కానీ పోలేను.

అందరికీ పండగ అంటే సెలవు, మాకు పండగ అంటే బందోబస్తు ఆర్డర్. బోనాలు, వినాయక చవితి, బతుకమ్మ, రంజాన్, మొహర్రం ఊరేగింపు, డిసెంబరు 31, ఏదీ పోదు. నిమజ్జనం రోజు పొద్దున ఎక్కితే మర్నాడు మధ్యాహ్నం దాకా ట్యాంక్‌బండ్ మీదే. కాళ్ళకి బూట్లు విప్పితే సాక్సుల అచ్చు అట్లనే ఉంటది. సద్దుల బతుకమ్మ రోజు అందరి ఇండ్ల ఆడోళ్ళు బతుకమ్మలు తెచ్చి నీళ్ళల్ల వదుల్తుంటే నేను తాడు పట్టుకుని "వెనక్కి, వెనక్కి" అంటుంటా. నా భార్య మా బస్తీల ఏ పాట ఎత్తుకుందో నాకు తెల్వదు. ఇగ మీ సంక్రాంతికి సిటీ ఖాళీ అయితది కదా, తాళాలేసిన ఇండ్ల చుట్టూ రాత్రి గస్తీ మాదే. నా దోస్తు ఒకాయన విజయవాడ హైవే మీద పంతంగి టోల్ దగ్గర మూడు రోజులు కార్లు పంపుడే పని.

మూడేండ్ల కింద దసరా. మాకు జమ్మి ఆకు బంగారం అని ఇచ్చుకుంటరు, మీకు తెలుసు కదా. రావణ దహనం బందోబస్తు అయ్యేసరికి రాత్రి ఒకటిన్నర. అక్కడే ఎవరో పెద్దాయన నా చేతుల ఇంత జమ్మి పెట్టి దండం పెట్టిండు. విజిల్ ఉన్న జేబులో వేసుకున్న. ఇంటికి వచ్చేసరికి పిల్లలు పడుకున్నరు. ఆకు చెమటకి తడిసి నలిగి ముద్ద అయింది. అట్లనే ఇద్దరి దిండ్ల కింద పెట్టిన. పొద్దున లేచి చిన్నది అరిచింది, "డాడీ బంగారం తెచ్చిండు" అని. ఎవరికీ పొద్దున్నే దొరకని బంగారం ఆమెకు దొరికింది.

అప్పటి నుంచి మా ఇంట్ల దసరా అంటే మర్నాడు పొద్దున ఏడు గంటలకే. మటన్ కూడా ఆ రోజే. ఒకరోజు లేటుగా అడిగితే కటికె కొట్టు దగ్గర లైన్ కూడా ఉండదు, అదొక లాభం. కానీ ఒకటి: మర్నాడు చేస్తం అని పిల్లలకి ముందే చెప్పాలె. వాళ్ళకి తేదీతో పని లేదు, చెప్పిన మాట తప్పితేనే ఏడుస్తరు.

---

సుబేదార్ రిటైర్డ్ (డిసెంబరు 21)

అమ్మా, మాది పశ్చిమ గోదావరి. తాడేపల్లిగూడెం పక్కన మిలటరీ మాధవరం అంటారు, విన్నారేమో. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఆ ఊరివాళ్ళు సైన్యంలోకి వెళ్తూనే ఉన్నారు. మాది దాని పక్క ఊరు. నేను 1989లో చేరి 2017లో వచ్చేశాను. 28 సంక్రాంతుల్లో ఇంట్లో ఉన్నవి ఏడు. మా ఆవిడ లెక్కలో ఆరు. ఒకదాంట్లో నేను జ్వరంతో పడుకున్నానని అది కలపదు.

ఆర్మీలో ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి. కాగితం మీద మూడు నెలలు. కానీ కంపెనీ అంతా ఒకేసారి కదలదు కదా. దీపావళికి, హోలీకి హిందీవాళ్ళు, డిసెంబర్లో క్రిస్టియన్ కుర్రాళ్ళు, ఈద్‌కి ముస్లిం కుర్రాళ్ళు, సంక్రాంతికి మనవాళ్ళు. వంతులు వేసుకుని, ఒకరి కోసం ఒకరు ఆగి నడిపిస్తారు. పైగా సంక్రాంతి మనకి గడ్డు కాలంలో పడింది. జనవరి 15 ఆర్మీ డే, వెంటనే 26. అలర్ట్ ఉంటుంది, కశ్మీర్‌లో మంచుకి దారులు మూసుకుంటాయి. మీ ఆయన తన వంతు ఇచ్చేశాడన్నావు. ఆ మాట ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు, కానీ కంపెనీలో అందరికీ గుర్తుంటుంది. నీకు చెప్పడం కూడా అబద్ధం ఆడలేకే చెప్పి ఉంటాడు. ఆయన్ని తిట్టుకో, ఫర్వాలేదు. మా ఆవిడ తిట్టుకునేది.

ఇప్పుడు మీ అత్తగారి సంగతి. ఇది కాస్త పొడుగు.

2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగింది. నేను అప్పుడే సెలవు మీద ఇంటికొచ్చాను. పండగ చేసుకుని వెళ్ళాలని. పట్టుమని పది రోజులు కాలేదు, టెలిగ్రామ్. సెలవు రద్దు, వెంటనే రమ్మని. వెళ్ళాను. రాజస్థాన్ సరిహద్దు. ఆ జనవరిలో ఇసుక చలి ఎలా ఉంటుందో చెప్తే నమ్మరు, నీళ్ళ డబ్బా పట్టుకుంటే చెయ్యి అంటుకుపోయేది. మేం తెలుగువాళ్ళం నలుగురం. రాత్రి వెలుతురు కనబడకూడదు కాబట్టి భోగి మంట లేదు. తెల్లారాక లంగర్‌లో, అంటే మా వంటశాలలో, రొట్టెల పొయ్యి దగ్గరికెళ్ళి నిలబడి, రేషన్ పెట్టె చెక్క ముక్క ఒకటి అందులో వేసి "భోగి" అన్నాం. వంటవాడు బీహారీ, పిచ్చోళ్ళని చూసినట్టు చూశాడు.

ఇంటి దగ్గర మా అమ్మ మీ అత్తగారి లాగే కూచుంది. నా కొడుకు తుపాకీ పట్టుకుని సరిహద్దులో ఉంటే నేను అరిసెలు వండుకు తింటానా అని. మా ఊళ్ళో బర్మా యుద్ధానికి వెళ్ళొచ్చిన ఒక తాత ఉండేవాడు. ఆయన కర్ర ఊపుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చుని మా అమ్మని అడిగాడట: "ఏమే, ఏడాది పండగ మానేసేది ఎవరింట్లో?"

మా అమ్మ మాట్లాడలేదు. ఆ జవాబు అందరికీ తెలిసిందే కదమ్మా. చావు జరిగిన ఇంట్లో.

"నీ కొడుకు బతికుండగా మూకుడు బోర్లించి కూచున్నావేం? లే" అన్నాడట.

ఆ రాత్రికే బియ్యం నానబోసింది. ఈ సంగతంతా మా ఆవిడ ఉత్తరం రాసింది. 56 ఏపీవో (ఆర్మీ పోస్టాఫీసు) చిరునామాకి వేస్తే నాకు ఫిబ్రవరిలో అందింది. చివర్లో అమ్మ చెప్పి రాయించిన ముక్క, "నీ వాటా తీసి డబ్బాలో పెట్టాను". ఆ కాగితం ఎన్నిసార్లు చదివానో. ఇంట్లో నా పేరు మీద ఒక డబ్బా ఉందన్నమాట. వానలు పడ్డాక సెలవు దొరికి వెళ్తే నిజంగానే డబ్బా ఉంది, ఎవరినీ ముట్టనివ్వలేదు. ఏడు నెలల అరిసెలు! బూజు పట్టి పచ్చగా ఉన్నాయి. అమ్మ చూడకుండా పెరట్లో పాతిపెట్టి బాగున్నాయని చెప్పాను.

నువ్వు ఏడు నెలలు ఉంచొద్దు. పంపించు. పార్సిల్ పోస్టు నమ్ముకోకు. డిసెంబరు చివర్లో సెలవు అయి తిరిగి వెళ్ళే కుర్రాడు మీ చుట్టుపక్కల ఎవడో ఒకడు ఉంటాడు, శ్రీకాకుళంలో లేకపోవడమేంటి. పాకం కొంచెం ముదురుగా పట్టు, గట్టిగా ఉన్నా నిలవుంటాయి. అరిసెల చెక్కలతో నూనె బాగా ఒత్తెయ్. చల్లారాకే డబ్బాలో సర్దు. కొబ్బరి వేసినవి వద్దు, దారిలో చెడిపోతాయి. కొంచెం ఎక్కువే పెట్టు, ఆ డబ్బా అక్కడ మూత తీస్తే చుట్టూ పదిమంది ఉంటారు.

---

నీలిరంగు పెన్ను (డిసెంబరు 21)

నేను పిల్లల వైపు నుంచి రాస్తాను. మా నాన్న సీఆర్‌పీఎఫ్. నా చిన్నప్పుడంతా ఛత్తీస్‌గఢ్‌లో ఉండేవారు. ఇప్పుడు నాకు 24.

మీ బాబుకి "రేపొస్తాడు నాన్న" అని మాత్రం చెప్పకండి. మా అమ్మ అలాగే చెప్పేది. నేను గుమ్మంలో కూర్చునేవాణ్ణి. ఎన్ని రేపులో. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపమే. తర్వాత నాన్నే ఒకసారి నన్ను కూర్చోబెట్టి గోడ క్యాలెండర్ తీసి, ఏడాదిలో నాకు ఇన్ని రోజులు అని నీలి పెన్నుతో గళ్ళు నింపి చూపించారు. 60, ఇంకో 15. నాకు లెక్క అర్థమైంది, ఏడుపు తగ్గింది. గళ్ళు జరిగిపోయేవి అనుకోండి, అప్పుడు కొట్టేసి పక్కన కొత్తవి గీసేవాణ్ణి.

నాన్న లేని పండగలు నాకు విడివిడిగా గుర్తు లేవు, అన్నీ కలిసిపోయాయి. ఒక ఏడాది అమ్మ వాకిట్లో ముగ్గు వెయ్యలేదు. అది గుర్తుంది. వీధిలో మా ఒక్క వాకిలే ఉత్త పేడ కళ్ళాపితో ఉంది. స్నేహితులు ఏమైందిరా అని అడిగారు. ఏం చెప్పాలో తెలియక ముగ్గుపిండి అయిపోయిందని చెప్పాను.

---

ఉద్దానం కోడలు (డిసెంబరు 22)

సుబేదార్ గారూ, మీరు రాసింది రాత్రి అత్తయ్యకి చదివి వినిపించాను. ఆ తాత మాట దగ్గర ఆగిపోయి చదవలేకపోయాను. ఆవిడ ఏమీ అనలేదు. లేచి వెళ్ళి పశువులకి గడ్డి వేశారు. మావయ్య మాత్రం "చదువు, ఆ బూజు ముక్క మళ్ళీ చదువు" అని నవ్వారు.

ఇవాళ పొద్దున్న లేచేసరికి గంగాళంలో బియ్యం నానుతున్నాయి.

---

ఉద్దానం కోడలు (జనవరి 19)

చాలామంది ఏమైందని అడిగారు, ఆలస్యంగా రాస్తున్నాను.

కంచిలి దగ్గర ఒక కుర్రాడు 28న బయల్దేరుతున్నాడని తెలిసింది. రెండు రోజులు టైము. మొదటి పాకం లేతగా దించేశాను, అరిసె నూనెలో వెయ్యగానే విచ్చిపోయి మూకుడంతా పిండి. అత్తయ్య నా చేతిలో గరిటె లాక్కుని "పాకం నీళ్ళలో వేస్తే వేళ్ళకి ఉండలా రావాలి, నీకెన్నిసార్లు చెప్పాలి" అని తిట్టారు. ఇంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు. రెండేళ్ళుగా మూకుడే పెట్టకపోతే ఎప్పుడు చెప్తారు? నోరు మూసుకుని చెక్కలు పట్టుకున్నాను. అరవై అరిసెలు, కిలో జీడిపప్పు. అత్తయ్య పెళ్ళికి పుట్టింటివాళ్ళు ఇచ్చిన పెద్ద స్టీలు డబ్బా తీసి, అడుగున పేపర్ వేసి ఆవిడే సర్దారు. ఆ కుర్రాడు విశాఖ వచ్చి ఢిల్లీ రైలెక్కి, అక్కణ్ణుంచి జమ్మూ, తర్వాత కాన్వాయ్‌లో పైకి.

బాబుకి గళ్ళు గీశాను, పెన్ను గారి మాట ప్రకారం. ఏప్రిల్ అంతా నింపేశాడు, నేను ఆపేలోగా మే కూడా.

భోగి ముందురోజు రాత్రి నేనొక్కదాన్నే మాట్లాడాను. బోరు మోటారు, మావయ్య మోకాలు, వెనకింటి వాళ్ళ కొబ్బరి చెట్టు మా గోడ మీద పడ్డం. ఆయన ఆ చెట్టు గురించే పది నిమిషాలు అడిగారు. ఎటువైపు పడింది, గోడ ఎవరు కట్టిస్తారు, నువ్వేం మాట్లాడకు మా నాన్నని మాట్లాడమను. ఏడుపు రాలేదు. ఫోన్ పెట్టేశాక వచ్చింది, అది వేరే సంగతి.

భోగి తెల్లవారుజామున వాళ్ళు అక్కడ బుఖారీ (చలికి వెలిగించే పొయ్యి) చుట్టూ కూర్చుని ఉన్న ఫోటో పంపారు. డబ్బా చేరింది. దారి కుదుపులకి సగం అరిసెలు పొడైపోయాయట. ఎవరో గఢ్వాల్ అబ్బాయి దాన్ని స్పూన్‌తో తిని, ఈ పొడి పేరేంటని అడిగాడట. ఈయన సరిచెయ్యకుండా "అరిసె" అని చెప్పేశారు.

సాయంత్రం బాబుకి భోగిపళ్ళు పోశాం. అది వీడియో తీసి పంపాను, కాల్ పెట్టలేదు. అత్తయ్య మాత్రం మర్నాడు ఆయనతో మాట్లాడినప్పుడు తిన్నావా అనే కంటే ముందు అడిగింది డబ్బా గురించే. జాగ్రత్తగా పెట్టు, మూత పోగొట్టకు, వచ్చేటప్పుడు తీసుకురా అని.

మూత ఇప్పటికే కనబడ్డం లేదట. ఆ సంగతి అత్తయ్యకి ఇంకా చెప్పలేదు.